24 రోజుల నొప్పికి జన్మంతా మందులేనా?

ఈ ఉత్తరం రాసినావిడకు 38 ఏళ్లు. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. నెలన్నర కిందట ఆమె క్లాసులో ఐదారుగురు పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి బుగ్గలు ఎర్రబడి, చేతుల మీద దద్దుర్లు వచ్చాయి. వారం రోజుల్లో వాటంతటవే తగ్గిపోయాయి. తర్వాత ఈమెకు రెండు రోజులు చిన్న జ్వరం, ఒళ్లు నొప్పులు. మామూలు జలుబు జ్వరమే అనుకుని పట్టించుకోలేదు. సరిగ్గా పది రోజులకు, ఒక ఉదయం లేచేసరికి రెండు చేతుల వేళ్లూ వాచిపోయి పిడికిలి బిగించలేకపోయారు. మర్నాటికి మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు, చీలమండలు. పొద్దున్నే గంటసేపు కీళ్లన్నీ పట్టేసి ఉంటాయట. మెట్లెక్కితే ఆయాసం. ఉత్తరం రాసేనాటికి నొప్పులు మొదలై 24 రోజులు.

రక్తపరీక్షల్లో ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ కొంచెం ఎక్కువగా ఉన్నాయి. రుమటాయిడ్ జబ్బును అనుమానించినప్పుడు చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష 'వీక్ పాజిటివ్'. మొదటి డాక్టరు ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి కాపలా వ్యవస్థే కీళ్ల మీద పడే దీర్ఘకాలపు జబ్బు), దానికి వాడే మెథోట్రెక్సేట్ మందు వెంటనే మొదలుపెడదాం అన్నారు. రెండో డాక్టరు ఏదో వైరస్ వల్ల వచ్చిన నొప్పులు కావచ్చు, కొన్ని వారాలు చూద్దాం అన్నారు. ఈలోగా తెలిసినవాళ్లెవరో పేరు లేని మాత్రల పొట్లం ఒకటి ఇచ్చారు. వేసుకున్న మర్నాటికే నొప్పులు మాయం. ఆపిన రెండో రోజుకు మళ్లీ హాజరు. అలా విడతలు విడతలుగా తొమ్మిది రోజులు వాడారు. ఇంకా ఆరు మాత్రలు మిగిలాయి.

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారుగా, నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావు" అంటారట భర్త. ఎనిమిదేళ్ల కూతురు నీళ్ల సీసా మూత తీసి ఇస్తుంటే ఈమెకు ఏడుపొచ్చింది. ఉత్తరం అడుగున, సంతకం చేశాక గుర్తొచ్చినట్టు, ఇంకో మాట ఉంది. జ్వరం వచ్చిన ఆ రెండు రోజులూ ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉన్నారు. మరదలికి అప్పుడు మూడో నెల. "తనకేమైనా అవుతుందా? చెప్పాలా, అనవసరంగా భయపెట్టినట్టవుతుందా?"

సమాధానం:

అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలకు కొన్ని వారాల వ్యవధి ఉంది. దీనికి లేదు.

పిల్లల ఎర్రబుగ్గలు, మీ చిన్న జ్వరం, పది రోజుల తర్వాత రెండు చేతులకూ ఒకేలా వచ్చిన వాపు... ఈ వరస చూస్తే నాకు ముందుగా అనుమానం వచ్చేది పిల్లలకు ఇలా బుగ్గలు ఎర్రబడేలా చేసే పార్వోవైరస్ బీ19 మీద. పరీక్ష చేయకుండా అదేనని చెప్పలేను. కానీ మీ మరదలి విషయంలో అదే అనుకుని నడుచుకోవడం మంచిది. ఈ వైరస్ ఎదుటివారికి అంటేది ఆ జ్వరం రోజుల్లోనే. దద్దుర్లు, కీళ్ల నొప్పులు బయటపడే సమయానికి మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ల నుంచి ఇతరులకు అంటదు. అంటే మీ నుంచి ఇప్పుడు మీ క్లాసు పిల్లలకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ భయం లేదు. అయితే మీరు తమ్ముడి ఇంట్లో ఉన్న ఆ రెండు రోజులే అంటించే రోజులు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఎక్కువ శాతం ఏమీ కాదు. గర్భం ధరించే వయసుకొచ్చిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి ఈ వైరస్ చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది, వాళ్లకు మళ్లీ రాదు. కొత్తగా సోకినవాళ్లలో కూడా చాలామందికి ఆరోగ్యమైన బిడ్డే పుడతాడు. కానీ ఈ వైరస్ ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట పట్టుకుంటుంది. కొద్దిమంది గర్భిణుల్లో, ముఖ్యంగా మొదటి ఇరవై వారాల్లో సోకితే, కడుపులో బిడ్డకు రక్తం తగ్గి ఒంట్లో నీరు చేరే ప్రమాదం ఉంది. దాన్ని ముందే కనిపెడితే కడుపులో ఉండగానే బిడ్డకు రక్తం ఎక్కించే పద్ధతి ఉంది. కనిపెట్టాలంటే వాళ్ల డాక్టరుకు ఈ సంగతి తెలియాలి కదా.

చెబితే ఏమవుతుంది? ఒక రక్తపరీక్ష. అందులో యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకునేవి, ఉన్నాయేమో చూస్తారు. పాత యాంటీబాడీ, అంటే ఐజీజీ, ఉండి కొత్తది, అంటే ఐజీఎం, లేకపోతే ఎప్పుడో వచ్చి పోయిందని అర్థం. ఇక నిశ్చింతే. రెండూ లేకపోతే, మీరు వెళ్లొచ్చి నెల దాటింది కాబట్టి, సాధారణంగా మీ నుంచి సోకలేదనే. అయినా వాళ్ల డాక్టరు ఇంకోసారి పరీక్ష అడగొచ్చు. కొత్త యాంటీబాడీ కనిపిస్తే కొన్ని వారాల పాటు వారానికో, రెండు వారాలకో స్కానింగ్ చేస్తూ బిడ్డను గమనిస్తారు. భయపెట్టడం ఎలాగూ తప్పదనిపిస్తే ఇంత చెప్పండి చాలు: "నాకు వచ్చింది ఫలానా వైరస్ అని అనుమానం, నేను మీ ఇంట్లో ఉన్నప్పుడే జ్వరం ఉంది, మీ డాక్టరుకు ఈ మాట చెప్పి ఒక పరీక్ష చేయించుకో." మీ పరీక్ష ఫలితం వచ్చాకే చెబుదామని ఆగకండి. మీరు తెలిసి చేసింది కూడా ఏమీ లేదు. జ్వరం వచ్చిన రోజున అది ఏ వైరసో మీకే కాదు, ఏ డాక్టరుకూ చూడగానే తెలియదు.

ఇక ఆ పొట్లం. పేరు లేని మాత్ర వేసుకున్న మర్నాటికే ఇన్ని కీళ్ల వాపు మాయమైందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. స్టెరాయిడ్ అనగానే విషమనుకోనక్కర్లేదు, నేనే ఎందరికో రాశాను. కానీ డోసు తెలియని స్టెరాయిడ్ వేరే సంగతి. అది షుగర్ పెంచుతుంది, బీపీ పెంచుతుంది, ఏదైనా ఇన్ఫెక్షన్ ఉంటే కప్పేస్తుంది. మీ విషయంలో ఇంకో నష్టం కూడా ఉంది. డాక్టరు చూడాల్సిన వాపును, పరీక్షలో కనపడాల్సిన సీఆర్పీని అది తాత్కాలికంగా చెరిపేస్తుంది. మీ సీఆర్పీ 'కొంచెమే ఎక్కువ' రావడానికి ఆ మాత్రలే కారణమేమో ఎవరికి తెలుసు? తొమ్మిది రోజులే, అదీ విడతలుగా వాడారు కాబట్టి మానేస్తే సాధారణంగా ఇబ్బంది రాదు. ఇదే వారాల తరబడి వరుసగా వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదమయ్యేది. మిగిలిన ఆరు మాత్రలూ పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఏ తేదీల్లో వాడారో రాసివ్వండి. చిన్నబుచ్చుకుని దాచవద్దు. దాచితే ఆయన లెక్క మొత్తం తప్పుతుంది.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్ల మాట. "ఎవరిని నమ్మాలి?" అని అడిగారు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. మొదటి డాక్టరు ఎందుకలా అన్నారో చూడండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను తొందరగా గుర్తుపట్టడానికి అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్ల జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి 2010లో ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. 10కి 6 వస్తే ఆ జబ్బు కింద లెక్క. వాచిన కీళ్లు పదికి మించి, అందులో చిన్న కీళ్లు ఉంటే 5 మార్కులు. ఆర్ఏ ఫ్యాక్టర్ తక్కువ మోతాదులో పాజిటివ్ అయితే 2. సీఆర్పీ గానీ ఈఎస్ఆర్ గానీ పెరిగి ఉంటే 1. మీకు 8 వచ్చేశాయి. పరీక్ష పాసైపోయారు! అయితే ఆ పద్ధతిలో మార్కులకన్నా ముందు ఒక షరతు ఉంది. ఈ వాపుకు ఇంకో జబ్బు కారణంగా కనిపించకూడదు. రెండో డాక్టరు పట్టుకున్నది ఆ షరతునే. మీ క్లాసులో ఎర్రబుగ్గల పిల్లల సంగతి మొదటి డాక్టరుకు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పలేదనే నా అనుమానం. పిల్లల దద్దుర్లకూ పెద్దవాళ్ల కీళ్లకూ సంబంధం ఉంటుందని మనకు ఎలా తడుతుంది?

సంబంధం గట్టిదే. ఈ వైరస్‌ను 1975లో లండన్‌లో ఈవాన్ కొసార్ట్ అనే శాస్త్రవేత్త బృందం అనుకోకుండా కనిపెట్టింది. వాళ్లు వెతుకుతున్నది హెపటైటిస్ బీ కోసం. రక్తం నమూనాల్లో 'బీ' వరుసలోని 19వ దాంట్లో ఇది దొరికింది, ఆ నంబరే పేరైపోయింది. పిల్లలకు బుగ్గల మీద చెంపదెబ్బ కొట్టినట్టు ఎరుపు తెచ్చి ఊరుకుంటుంది. పెద్దవాళ్లకు చాలాసార్లు బుగ్గలు ఎర్రబడవు, కీళ్లు పట్టుకుంటాయి. ఈ వైరస్‌తో జబ్బుపడ్డ ఆడవాళ్లలో సగానికి పైగా మందికి కీళ్ల నొప్పులు వస్తాయి, మగవాళ్లకు తక్కువ. చేతివేళ్లు, మణికట్లు, మోకాళ్లు, చీలమండలు, రెండు వైపులా సమానంగా. అచ్చం రుమటాయిడ్ లాగే. పైగా ఆర్ఏ ఫ్యాక్టర్‌ను కూడా కొన్నాళ్లు పాజిటివ్ చేయగలదు. హెపటైటిస్ సీ లాంటి ఇన్ఫెక్షన్లలో కూడా అది పాజిటివ్ వస్తుంది. పేరులో రుమటాయిడ్ అని ఉన్నంత మాత్రాన ఆ పరీక్ష ఆ జబ్బుకే సొంతం కాదు. యాంటీ సీసీపీ అని ఇంకోటి ఉంది, దాని సాక్ష్యం దీనికన్నా బలమైనది. మీ రిపోర్టుల్లో అది కనపడలేదు.

జ్వరం తగ్గిన పది రోజులకు నొప్పులేమిటని ఆశ్చర్యపోయారు మీరు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ జరిగేది కొంత అలాంటిదే. వైరస్ రక్తంలో నిండుగా ఉన్నప్పుడు జ్వరం వస్తుంది. దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారయ్యాక, అవీ వైరస్ ముక్కలూ జట్టుకట్టి చర్మంలో, కీళ్లలో చేరినప్పుడు దద్దుర్లు, వాపులు వస్తాయి. మీకు నొప్పి పుట్టిస్తున్నది చాలా మటుకు మీ ఒంటి కాపలా వ్యవస్థే. అందుకే ఇందులో యాంటీబయాటిక్‌కు పని లేదు. ఎముకను తినేసే జబ్బు కాదు కాబట్టి ఎక్స్‌రే బాగానే ఉంటుంది. మొదటి వారాల్లో రుమటాయిడ్‌లో కూడా ఎక్స్‌రే బాగానే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌రేని సాక్షిగా పిలిచి మిమ్మల్ని "ఊహించుకుంటున్నావు" అనడం మీవారికి చెల్లదు.

ఐజీఎం పరీక్షకు సమయం మించిపోలేదు. అది సాధారణంగా రెండు మూడు నెలలు రక్తంలో కనిపిస్తుంది. దాంతోపాటు హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించమని అడగండి. హెపటైటిస్ బీలో కొందరికి కామెర్లు బయటపడే ముందు రోజుల్లో ఇలాగే కీళ్ల వాపు, దద్దుర్లు వస్తాయి. కళ్లు పచ్చబడేసరికి నొప్పులు తగ్గిపోతాయి. మీరు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టినా, స్టెరాయిడ్ వాడినా ఈ రెండు పరీక్షలు ముందే ఉండాలి, ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బీని ఆ మందులు లేపగలవు. అలాగే ఆయాసం అన్నారు కదా, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఈ వైరస్ వారం పది రోజులు ఎర్రకణాల తయారీని ఆపేస్తుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు కాబట్టి మామూలు మనుషులకు ఆ లోటు తెలియదు. ముందే రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు తెలుస్తుంది. సికిల్ సెల్, తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు ఉన్నవాళ్లకు మాత్రం అది అత్యవసరమవుతుంది.

చికున్‌గున్యా కాదా అని కూడా అడిగారు. దోమలున్న చోట ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే. 1952లో టాంగన్యీకాలో, అంటే ఇప్పటి టాంజానియాలో, దాన్ని మొదట గుర్తించారు. ఒళ్లు వంగిపోవడం అని మకొండె భాషలో ఆ పేరుకు అర్థం. కానీ దానిలో ఎక్కువ జ్వరం ఉన్నట్టుండి వస్తుంది, కీళ్ల నొప్పి జ్వరంతోపాటే మొదలవుతుంది. మీకు చిన్న జ్వరం, మధ్యలో పది రోజుల ఖాళీ. అయినా డాక్టరు ఆ పరీక్ష కూడా రాస్తే కాదనకండి. చికున్‌గున్యా నొప్పులు కొందరిని నెలలు, ఏళ్లు కూడా వదలవు. ఇంకో మాట, మీ కోసం కాకపోయినా ఈ ఉత్తరం చదివేవాళ్ల కోసం: జ్వరం ఇంకా ఉండగా, డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే పెయిన్‌కిల్లర్ వేసుకోకూడదు. రక్తస్రావం ప్రమాదం ఉంది.

మరి ఇప్పుడు మీ ముందున్న దారులు. పరీక్షలో పార్వోవైరస్ అని తేలితే, వేచి చూడటానికి మంచి కారణం దొరికినట్టే. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి నెలలు పడుతుంది, మధ్యమధ్య తిరగబెడుతుంది కూడా. ఈలోగా పారాసెటమాల్ గానీ, కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, బీపీ లేవని చూసుకుని డాక్టరు రాసే వాపు మందు గానీ వాడొచ్చు. వాపు మందులు రెండు రకాలు కలిపి వేసుకోవద్దు. దానివల్ల నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపుకు మాత్రం ముప్పు పెరుగుతుంది. ఈ దారిలో ఒక రిస్కు ఉంది. నిజంగా రుమటాయిడ్ అయి ఉంటే ఆలస్యం నష్టం చేస్తుంది, మొదటి మూడు నెలల్లో మందు పడితే కీళ్లు బాగా నిలబడతాయి. అందుకే 'చూద్దాం' అంటే ఊరికే కూర్చోవడం కాదు. ఆరో వారం దాటాక, అంటే ఇంకో మూడు వారాలకు, రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ ఇవాళే తీసుకోవాలి. అప్పటికి వాపు పూర్తిగా తగ్గిపోతే రద్దు చేసుకోవచ్చు. తగ్గకపోతే ఆర్ఏ ఫ్యాక్టర్ మళ్లీ చూస్తారు. వైరస్ తెచ్చిన పాజిటివ్ అయితే కాలక్రమంలో చాలామందిలో దిగిపోతుంది.

మొదటి డాక్టరు చెప్పినట్టు ఇప్పుడే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టడం రెండో దారి. పరీక్షలో వైరస్ లేదని వచ్చి, యాంటీ సీసీపీ గట్టిగా పాజిటివ్ వస్తే నేను కూడా ఆయన పక్షమే, ఆగమనను. ఆ రెండు ఫలితాలూ రాకముందే మొదలుపెడితే మాత్రం చిక్కు ఏమిటంటే, రేపు నొప్పులు తగ్గాయనుకోండి, మందు వల్ల తగ్గాయో, వైరస్ జబ్బు దానంతటదే తగ్గిందో ఎవరూ చెప్పలేరు. ఆపడానికి ధైర్యం చాలక ఏళ్లు వాడేవాళ్లు ఉంటారు. పైగా ఆ మందు పనిచేయడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మీ రేపటి పొద్దుటి నొప్పికి అది జవాబు కాదు. ఎప్పుడు మొదలుపెట్టినా ఇది గుర్తుంచుకోండి: అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. గర్భం వచ్చే అవకాశం ఉంటే అస్సలు వాడకూడదు. మధ్యమధ్య లివరు, రక్తకణాల పరీక్షలు తప్పవు.

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. వాపు మందుతో రోజు గడవకపోతే, రక్తపరీక్షలకు నమూనాలు ఇచ్చాక, డాక్టరు చేతి రాతతో తక్కువ డోసు స్టెరాయిడ్ కొద్దిరోజులు. పేరు లేని పొట్లంలో మీరు వాడింది బహుశా ఇదే మందు. ఈసారి పేరు తెలుస్తుంది, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఇది జబ్బును తేల్చదు, మీకు కొన్ని రాత్రుల నిద్ర ఇస్తుంది. ఆపాక వాపు తిరిగి రావచ్చు. వస్తే కంగారుపడి డోసు పెంచుకోకుండా ఆ మాట రాసిపెట్టుకోండి.

రాసిపెట్టుకోవడం అంటే ఎక్కువేమీ వద్దు. తేదీ, పొద్దున కీళ్లు ఎన్ని నిమిషాలు పట్టేశాయి, ఏ వేళ్లు వాచాయి, ఏ మాత్ర వేసుకున్నారు. వాచిన చేతుల ఫొటో ఒకటి, పొద్దున్నే. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వాపు తగ్గి, "ఏమీ లేదే" అనిపించుకోవడం చాలామంది అనుభవమే.

వీటిలో దేనికోసమూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితులు కొన్ని ఉన్నాయి. ఒక్క కీలు మాత్రమే ఎర్రగా కాలిపోతూ వాచి, జ్వరంతో కదల్చలేకపోతే అది చీము పట్టిన కీలు కావచ్చు, దానికి గంటలే లెక్క. కళ్లు పచ్చబడినా, ఆయాసం పెరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

పని సంగతి. పూర్తిగా మంచమెక్కితే కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ఉంచి, నీళ్లలోనే వేళ్లు మెల్లగా ముడిచి తెరవండి. స్కూల్లో వీలైతే మొదటి పీరియడ్ ఇంకొకరితో మార్చుకోండి, బోర్డు మీద రాసే పని మధ్యాహ్నానికి పెట్టుకోండి. తడి బట్టలు పిండటం, బకెట్లు మోయడం వాపు తగ్గేదాకా వద్దు. ఆ పనులు ఇంట్లో ఎవరికి పడతాయో మీకూ తెలుసు, మీవారికీ తెలుసు. ఆయన్ని ఒకరోజు మీతో డాక్టరు దగ్గరికి రమ్మనండి. భార్య నోట విన్నప్పుడు ఊహ అనిపించిందే, డాక్టరు నోట విన్నప్పుడు జబ్బు అనిపించడం అన్యాయమే. కానీ ఇప్పుడు మీకు కావలసింది వాదనలో గెలుపు కాదు, బకెట్ మోసే మనిషి.

పాప సీసా మూత తీసి ఇస్తానంటే తీయనివ్వండి. అమ్మకు ఇది కొన్నాళ్ల నొప్పి అని, డాక్టర్లు చూస్తున్నారని చెప్పండి, అంతకు మించి దానికి ఏ మాటా ఇవ్వకండి. ముందు మరదలికి ఫోన్ చేయండి.